కంచంలో ఆయుష్షెంత?

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్లు. 2016-20 నాటి లెక్కల్లో అది 70 ఏళ్లు. ఒక్క మనిషి జీవితకాలంలోనే సగటు ఆయుష్షు రెట్టింపు దాటింది. ఈ పెరుగుదలలో తిండి వాటా ఎంత, ఇకముందు కలవబోయే ఏళ్లలో ఎంత అన్నది వైద్యులకూ గణాంకవేత్తలకూ మధ్య తెగని తగవు. ఆ తగవులోని రెండు పక్షాలూ ఈ సంవాదంలో ఎదురెదురుగా నిలుస్తాయి. మంచి తిండి అలవాట్లు ఆయుష్షును పెంచుతాయన్న పక్షం రక్తపోటు, మధుమేహ రోగులకు వైద్యం చేసే డాక్టరమ్మది. తిండికి అంత శక్తి అంటగట్టడం తొందరపాటన్న పక్షం గణాంక శాస్త్రం బోధించిన మాస్టారిది.

వాదాన్ని మాస్టారు తాతల కాలం నుంచి మొదలుపెట్టారు.

"డాక్టరమ్మా, 1947లో జనం తిన్నదేమిటి? దంపుడు బియ్యం, జొన్న రొట్టె, రాగి సంకటి, గానుగ నూనె, పెరటి ఆకుకూర. పొట్లాల్లో చిరుతిళ్లు లేవు, సీసాల్లో తీపి నీళ్లు లేవు. మంచి తిండి అని మీరిప్పుడు చెప్పేది దాదాపు అదే. అయినా సగటు 32 దాటలేదు. ఆయుష్షును పెంచినవి టీకాలు, శుభ్రమైన నీళ్లు, మలేరియా మీద యుద్ధం, పెన్సిలిన్, ఆసుపత్రి కాన్పులు. తిండి గొప్ప వీటి ముందు ఎక్కడ నిలుస్తుంది?"

"సగటు గుట్టు నాకంటే మీకే బాగా తెలుసు మాస్టారూ," అని డాక్టరమ్మ జవాబు. "అప్పటి పెద్దవాళ్లందరూ ముప్పై రెండేళ్లకే పోయారని ఆ అంకెకు అర్థం కాదు. పుట్టిన పిల్లల్లో చాలామంది అయిదేళ్లు నిండకుండానే పోయేవారు, దాంతో సగటు పడిపోయింది. ఆ పిల్లలు పోయింది క్రిమి వల్ల అని రాస్తాం, కానీ క్రిమి ఒక్కటే చంపలేదు. తట్టు వచ్చిన బిడ్డల్లో తిండి ఉన్న బిడ్డ కోలుకుంటుంది, ఎండిన బిడ్డ పోతుంది. ఈనాటికీ అయిదేళ్లలోపు పిల్లల మరణాల్లో దాదాపు సగానికి పోషణ లోపంతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక మీరు చెప్పిన దంపుడు బియ్యం, గానుగ నూనె ఏడాదికి ఎన్ని నెలలు, ఎన్ని ఇళ్లకు అందేవి? అంతకు నాలుగేళ్ల ముందే బెంగాల్ కరువులో లక్షల మంది ఆకలితో చనిపోయారు. మంచి తిండి ఉండి కూడా బతకని కాలం కాదది, చాలామందికి ఏ తిండీ సరిపోని కాలం."

ఈ తగవుకు పాశ్చాత్య దేశాల్లో పాత చరిత్ర ఉంది. ఇంగ్లండులో క్షయ మరణాలు స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందే చాలావరకు తగ్గిపోయాయనీ, దానికి ముఖ్య కారణం మెరుగైన తిండేననీ థామస్ మెక్‌కియోన్ అనే వైద్యుడు గత శతాబ్దం రెండో సగంలో వాదించాడు. మురుగు కాలవలు, నీటి సరఫరా, పురపాలక సంఘాల కృషి పాత్రను ఆయన తక్కువ చేశాడని తరువాతి చరిత్రకారులు ఖండించారు. రెండు వైపులా నిజం ఉంది. తిండినీ పారిశుద్ధ్యాన్నీ విడదీసి చూడటమే అక్కడి పొరపాటు. విరేచనాలు ఆగని పిల్లకు ఎంత పెట్టినా ఒంటబట్టదు. బక్కచిక్కిన పిల్లను విరేచనాలు వదలవు.

పిల్లల సంగతి ఒప్పుకున్నాక మాస్టారు పెద్దల వైపు తిరిగారు. ఆయన అసలు అభ్యంతరం కొలత మీద. ఫలానా తిండి తినేవారు ఎక్కువకాలం బతికారని చెప్పే పరిశోధనల్లో అధిక భాగం జనాన్ని అడిగి రాసుకున్నవి. గత నెలలో ఎన్నిసార్లు ఆకుకూర తిన్నారని అడిగితే కచ్చితంగా చెప్పగలవారు అరుదు. పైగా పండ్లూ కూరలూ దండిగా తినేవారికి సాధారణంగా చదువు, డబ్బు, నడిచే అలవాటు కూడా ఉంటాయి, పొగ అలవాటు తక్కువ ఉంటుంది. వాళ్లను బతికించింది కూరా, డబ్బా అన్నది విడదీయడం కష్టం. దీనికి ఆయన చూపిన ఉదాహరణ బలమైనది. క్యారెట్లు, ఆకుకూరలు ఎక్కువగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించిన శాస్త్రజ్ఞులు వాటిలోని బీటా కెరోటిన్‌ను మాత్రలుగా చేసి, ఫిన్లండులో పొగతాగే పురుషులకు ఇచ్చి పరీక్షించారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మాత్రలు మింగినవారిలో క్యాన్సర్ తగ్గలేదు, పెరిగింది.

"ఆ పరీక్ష నా పక్షానికే సాక్ష్యం మాస్టారూ," అన్నారు డాక్టరమ్మ. "తోటకూరలో వందల పదార్థాలు ఉంటాయి. అందులోంచి ఒకదాన్ని పీకి మాత్ర చేస్తే అది తోటకూర కాదు. నేను వాదించేది భోజనం గురించి, సీసాలో అమ్మే సారం గురించి కాదు. కానీ మీరు కోరే కొలత కూడా ఉంది. చైనా పల్లెల ఉప్పు పరీక్ష చూడండి."

అది 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద జరిగింది. వారంతా ఒకసారి పక్షవాతం వచ్చినవారో, అరవై దాటి రక్తపోటు ఉన్నవారో. సగం పల్లెల్లో మామూలు ఉప్పే వాడనిచ్చారు. మిగతా సగానికి నాలుగింట మూడు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. వంట మారలేదు, కూర మారలేదు, ఉప్పు డబ్బాలోది మాత్రమే మారింది. దాదాపు అయిదేళ్ల తరువాత, 2021లో లెక్క తేలింది. ఉప్పు మారిన పల్లెల్లో పక్షవాతాలు 14 శాతం, అన్ని కారణాల మరణాలూ కలిపి 12 శాతం తగ్గాయి. ఏ పల్లెకు ఏ ఉప్పు అన్నది లాటరీ వంటి పద్ధతిలో నిర్ణయించారు కాబట్టి డబ్బూ చదువూ తేడాలు అడ్డురావు. లెక్కించింది మరణాలను, జ్ఞాపకాలను కాదు.

ఈ ఒక్క పరీక్షతో మాస్టారు ఒక మెట్టు దిగారు. తిండిలో ఒక మార్పు మనుషులను ఎక్కువకాలం బతికించగలదని రుజువైందని ఒప్పుకున్నారు. డాక్టరమ్మ వెంటనే ఒక జాగ్రత్త చేర్చారు: మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారికి పొటాషియం ఉప్పు ప్రమాదకరం, వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. అందరికీ ఉప్పు తగ్గించడమే సూటి దారి. రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా, దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ప్రపంచంలో సగటు మనిషి తినేది దానికి రెట్టింపు కంటే ఎక్కువ.

తెలుగు భోజనంలో ఉప్పు ఎక్కడెక్కడ దాగి ఉందో డాక్టరమ్మ వరసగా చూపారు. మొదటి ముద్దలో ఆవకాయో మాగాయో. పప్పులోకి అప్పడం, ఒడియం. పులుసులో ఉప్పు, వేపుడులో ఉప్పు. మజ్జిగలోకి చల్ల మిరపకాయ, దాని పైన మళ్లీ చిటికెడు ఉప్పు. ఏ ఒక్కటీ ఎక్కువనిపించదు, అన్నీ కలిసి హద్దు దాటుతాయి. అన్నం చప్పన కాబట్టి కంచంలో అన్నం ఎంత ఎక్కువైతే దాన్ని మింగించడానికి అంత ఉప్పు, అంత కారం కావాలి. అన్నం తగ్గితే ఉప్పు దానంతటదే తగ్గుతుందని ఆమె చేసిన సూచన ఈ సంవాదంలో అందరికీ పనికొచ్చే మాట.

"ఊరగాయ లేకుండా తెలుగువాడు బతకగలడా డాక్టరమ్మా?" అని మాస్టారి సందేహం. దానికి జపాన్‌లోని నగానో ప్రాంతం కథ జవాబు. మంచు కొండల మధ్య ఉన్న నగానోలో శీతాకాలం ఊరవేసిన ఆకుకూరలు, ఉప్పటి సోయా ముద్ద మీద గడిచేది. పక్షవాతం మరణాలకు ఆ ప్రాంతం పేరు మోసింది. ఊరూరా మహిళా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, సూపులో ఉప్పు కొలిచి, తగ్గించడం నేర్పారు. ఊరగాయలు పోలేదు, వాటి మోతాదు తగ్గింది, కూరల వాడకం పెరిగింది. 1990 నాటికి నగానో పురుషులు ఆయుర్దాయంలో జపాన్‌లోనే మొదటి స్థానానికి వచ్చారు. 2010లో స్త్రీలూ పురుషులూ ఇద్దరూ మొదటి స్థానంలో నిలిచారు.

తెలుగునాట తిండి చర్చ ఎటు మొదలైనా అన్నం దగ్గరికి రాక తప్పదు. ఇక్కడ ఇద్దరి మధ్యా పట్టుదల పెరిగింది.

డాక్టరమ్మ పక్షం పాలిష్ బియ్యానికి వ్యతిరేకం, దానికి ఆమె చరిత్రను సాక్షిగా పిలిచారు. 19వ శతాబ్దం చివర జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లబియ్యపు అన్నం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడటం, తవుడు పెడితే కోలుకోవడం గమనించాడు. మనుషుల్లో ఆ జబ్బు పేరు బెరిబెరి. తవుడులో ఉండే థయమిన్ అనే విటమిన్ లోపమే దానికి కారణమని తరువాత తేలింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ జబ్బు జావాకు పరిమితం కాదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్ర, బెరిబెరికి నెలవుగా పేరుపడ్డాయి. అదే ప్రెసిడెన్సీలో దక్షిణాన తమిళ జిల్లాల్లో అంత కనబడలేదు. తేడా వడ్లను ఉడకబెట్టడంలో ఉంది. తమిళులు తిన్నది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోకి ఇంకి, మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. సర్కారు జిల్లాలవారు తిన్నది పచ్చి బియ్యం. మిల్లు దాన్ని తెల్లగా చెక్కేది, రెండు మూడు సార్లు కడగడంతో కొంత పోయేది, గంజి వార్చడంతో మరికొంత పోయేది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నాయకత్వంలో మొదలైన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. తెలుగువారి కంచంలోని తెల్లన్నానికీ ఆ సంస్థకూ అంత దగ్గరి చుట్టరికం ఉంది.

"అయితే జొన్నలే తినాలంటారు," అని మాస్టారు అందుకున్నారు. "ఇప్పుడందరూ అదే అంటున్నారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది కూడా. కానీ జొన్న తిన్నవాళ్ల చరిత్ర మీరు చెప్పలేదు. దక్కన్ పీఠభూమిలో గటకా రొట్టే తప్ప మరొకటి ఎరగని పేదలకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, చివరికి మతి చెదరడం. మీరు చెప్పిన ఆ సంస్థ శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంఠయ్యలే 1960లో దాని గురించి రాశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం వల్ల శరీరానికి నియాసిన్ అనే విటమిన్ సరిగా అందడం లేదని వాళ్ల వాదన. పాత ధాన్యాలన్నీ అమృతమైతే ఈ జబ్బు ఎందుకొచ్చింది?"

ఇది పసలేని అభ్యంతరం కాదు. కొర్రలు తింటే మధుమేహం పూర్తిగా పోతుందనీ, అరికలతో క్యాన్సర్ నయమవుతుందనీ ఇవాళ తెలుగు పల్లెల్లోనూ పట్నాల్లోనూ జరుగుతున్న ప్రచారం ఎందరి చేతో మందులు మాన్పించి ప్రాణాల మీదికి తెస్తోంది. డాక్టరమ్మ ఇందులో మాస్టారితో పూర్తిగా ఏకీభవించారు. అయితే కోస్తా బెరిబెరినీ తెలంగాణ పెల్లాగ్రానూ పక్కపక్కన పెట్టి చూడమన్నారు. ఒకటి బియ్యం జబ్బు, మరొకటి జొన్న జబ్బు అనుకుంటే గింజల మధ్య పోటీ మిగులుతుంది. నిజానికి ఆ రెండు జబ్బులూ కంచం నిండా ఒకే గింజ ఉన్న ఇళ్లలో పుట్టినవి. అన్నంలోకి పప్పు, ఆకుకూర ఉన్న ఇంట బెరిబెరి లేదు. రొట్టెలోకి పాలు, పప్పు, మాంసం ఉన్న ఇంట పెల్లాగ్రా లేదు. తిండిలో వైవిధ్యం పెరిగేకొద్దీ రెండూ అరుదైపోయాయి.

ఆ రెండు జబ్బులు పోయినా ఒకే గింజ కంచం పోలేదు. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలిని తరిమిన పథకం అది, ఆ మేలును తక్కువ చేయడానికి వీల్లేదు. దానితోపాటే జొన్న, సజ్జ, రాగి తిన్న మెట్ట ప్రాంతాలకూ తెల్లన్నం మూడు పూటల భోజనమైంది. ఒళ్లు వంచి పొలం పని చేసినవారికి ఆ అన్నం ఖర్చయ్యేది. ట్రాక్టరు, మోటారు బండి, కుర్చీ పని వచ్చాక ఖర్చు తగ్గింది, మారు వడ్డన తగ్గలేదు. పీచు తీసిన పిండిపదార్థం త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని సర్దడానికి క్లోమం మళ్లీ మళ్లీ ఇన్సులిన్ విడిచి అలసిపోతుంది. 21 దేశాల్లో లక్షా ముప్పై రెండు వేల మందిని గమనించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రోజుకు 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే మధుమేహం ముప్పు మొత్తంమీద 20 శాతం ఎక్కువగా కనిపించింది. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం.

"ఇది మళ్లీ అడిగి రాసుకున్న లెక్కే," అని మాస్టారు గుర్తుచేశారు.

"అవును. అందుకే ఉప్పు గురించి చెప్పినంత గట్టిగా చెప్పను. కానీ శరీరంలో జరిగే పని తెలుసు, రోజూ ఎదురయ్యే రోగులూ తెలుసు. యాభై ఏళ్ల వయసులో మధుమేహం ఉన్నవారు, లేనివారికంటే సగటున ఆరేళ్లు ముందు పోతున్నారని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ ఆరేళ్లు నాకు చిన్న అంకె కాదు మాస్టారూ. అది మనవల పెళ్లి చూడటమో చూడకపోవడమో."

బియ్యం మానాలని ఆమె అనలేదు. కంచంలో కొలత తిరగబడాలన్నారు. ఇప్పుడు అన్నం గుట్టగా, కూర అంచుకు వేసుకుంటున్నారు. కూరా పప్పూ సగానికి పైగా, అన్నం నాలుగో వంతు వేసుకుంటే అదే బియ్యం అంత హాని చేయదు. గంజి వార్చడం బదులు అత్తెసరు పెట్టడం, వీలైతే తక్కువ పాలిష్ బియ్యం, వారంలో కొన్ని పూటలు జొన్న, రాగి, కొర్ర. కొర్రను కూడా మిల్లులో తెల్లగా పట్టిస్తే అది పొట్టు పోగొట్టుకున్న మరో తెల్లబియ్యమే.

అలవాటు మార్చుకోవడానికి సరైన వయసేదన్న ప్రశ్నకు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలే ఒక జవాబిచ్చాయి. 1987-90 మధ్య 29 పల్లెల్లో పరిశీలన జరిగింది. వాటిలో దాదాపు సగం పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా అదనపు పోషకాహారం అందింది, మిగతా పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక, 2003-05లో, మళ్లీ పరీక్షించారు. పోషకాహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. ఇన్సులిన్‌కు శరీరం ఎదురు తిరిగే లక్షణం వాళ్లలో తక్కువ, రక్తనాళాల బిరుసు తక్కువ. పల్లెల ఎంపిక లాటరీ పద్ధతిలో జరగలేదన్న మాస్టారి అభ్యంతరం న్యాయమైనదే. అయినా గర్భంలో, పసితనంలో అందిన ఒక పూట తిండి పదిహేనేళ్ల తరువాత రక్తనాళంలో కనబడటం తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. గుండెజబ్బు యాభైలో బయటపడినా దాని లెక్క తల్లి కడుపులోనే మొదలవుతుంది. తెలుగు ఇళ్లలో గర్భిణికి పెట్టే తిండిని అందరూ తిన్నాక మిగిలినదిగా చూడటం ఎంత ఖరీదైన అలవాటో ఈ పల్లెలు చెబుతున్నాయి.

అలవాటు ఎప్పుడైనా చెడగలదు కూడా. దీర్ఘాయువుకు మారుపేరైన జపాన్‌లోని ఒకినావాలో చిలగడదుంప, సోయా, కూరలతో కడుపు కాస్త ఖాళీగా ఉండగానే భోజనం ముగించే ఆచారం ఉండేది. రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికన్ సైనిక స్థావరాలతో డబ్బా మాంసం, వేపుళ్లు వచ్చాయి. 2000 నాటికి జపాన్‌లోని 47 ప్రాంతాల్లో ఒకినావా పురుషుల స్థానం 26కు పడిపోయింది. ఆయుష్షు వాళ్ల రక్తంలోనే ఉందన్న నమ్మకం దాంతో సడలింది.

తిండి ఒక్కటే చాలని డాక్టరమ్మ కూడా అనలేదు. పొగతాగే అలవాటు సగటున పదేళ్ల ఆయుష్షును తీసుకుపోతుందని బ్రిటిష్ వైద్యులను అర్ధశతాబ్దం వెంబడించిన అధ్యయనం తేల్చింది. ఏ కొర్రలూ ఆ పదేళ్లను తిరిగివ్వలేవు. రక్తపోటు మాత్రను మజ్జిగ భర్తీ చేయదు.

ఇద్దరి మధ్యా చివరికి మిగిలిన తేడా ఖర్చు దగ్గర. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన ఒక రోజు భోజనంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు లేదా వాటికి బదులు గుడ్డూ మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. మాస్టారు దీన్ని రేషను కార్డు పక్కన పెట్టి లెక్కగట్టారు. ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అంటే రోజుకు 165 గ్రాములు, ఉచితంగా అందుతోంది. కావలసిన ధాన్యంలో మూడింట రెండు వంతులు చేతికొచ్చినట్టే. నలుగురున్న ఇంటికి పప్పు మాత్రం నెలకు పది కిలోలు కావాలి, కూరలు దాదాపు యాభై కిలోలు కావాలి. వాటిని చాలావరకు బజారు ధరకే కొనాలి. ఉచితంగా వచ్చేది గుట్టగా, కొనవలసినది అంచుకు చేరడంలో వింత లేదని ఆయన తీర్మానం. కంచం మారాలంటే ముందు సంచి మారాలని, రేషను దుకాణంలో పప్పూ గుడ్డూ అందాలని ఆయన పట్టు.

సంచి మారేదాకా ఆగలేమని డాక్టరమ్మ పట్టు. ఉప్పు తగ్గించడానికి డబ్బు అక్కర్లేదు, గంజి పారబోయకపోవడానికి అక్కర్లేదు. పెరటి మునగాకు, బచ్చలి, కట్ట కట్టిన తోటకూర పప్పంత ఖరీదైనవి కావు. అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే గుడ్డు ఆమే తినేలా చూడటం ఇంటి పెద్దల చేతిలో ఉంది. పప్పు విషయంలో మాత్రం మాస్టారి లెక్కకు ఆమె దగ్గర జవాబు లేదు.